స్ట్రీమింగ్ యాప్‌లలో ‘థ్రిల్లర్’ విభాగం: సరుకు దండి, సర్దుబాటు సున్నా

స్ట్రీమింగ్ యాప్‌లలో థ్రిల్లర్లకు కొదవ లేదు. కావాల్సిన రకం థ్రిల్లర్ దొరకడమే కష్టం. ఆ మాట నొక్కగానే హత్య కేసు విచారణ, గూఢచారి ఛేజింగ్, దెయ్యం సినిమా పక్కపక్కనే వచ్చి పడతాయి. ఈ జానర్‌కి ఇది చిన్న లోపం కాదు. రకం మారితే చూడాల్సిన తీరే మారిపోతుంది.

ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది? తేడా అంతా అక్కడే ఉంది. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణల్లో సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్లకింద బాంబు ఉదాహరణే ఇప్పటికీ గీటురాయి. బాంబుందని మనకు తెలియకపోతే అది పేలినప్పుడు 15 సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. మిస్టరీలో హంతకుణ్ని చివరిదాకా దాస్తారు. సస్పెన్స్ థ్రిల్లర్‌లో చాలాసార్లు ముందే చూపించేసి, హీరో ఎప్పుడు పసిగడతాడా అని మనల్ని కుర్చీ అంచున కూర్చోబెడతారు. సైకలాజికల్ థ్రిల్లర్‌లో ఎవరి కళ్లతో కథ చూస్తున్నామో ఆ మనిషినే నమ్మలేం. 1974 నాటి ‘ది పారలాక్స్ వ్యూ’ లాంటి పొలిటికల్ థ్రిల్లర్లలో ఒక్కడు దొరికితే కథ తేలదు, అనుమానం వ్యవస్థ మీద. అలాంటిదాన్ని యాక్షన్ వరసలో పెడితే, ఫైట్ల కోసం వచ్చినవాళ్లు ‘స్లో’ అంటూ పావుగంటకే కట్టేస్తారు. తప్పు సినిమాది కాదు, దానికి అతికించిన చీటీది.

పోస్టర్ బొమ్మలు మరీ అన్యాయం. రెండో సగంలో బయటపడాల్సిన ముఖాన్ని ముందే పెద్దగా వేస్తారు. కథాసారాంశంలో మొదటి వాక్యం చదివి ఆపేయడం మంచిది, మలుపు సాధారణంగా రెండోదాంట్లో దొర్లుతుంది. ప్రివ్యూ ఆటోప్లేని చాలా యాప్‌లలో ప్రొఫైల్ సెట్టింగ్స్‌లోనే ఆపేయొచ్చు. తర్వాతి వీడియో దానంతటదే మొదలయ్యే ఆప్షన్‌ని కూడా అక్కడే ఆపాలి. లేదంటే ఆఖరి షాట్ మనసులో ఇంకకముందే తెర చిన్నదై పక్కకు పోతుంది.

సేకరణకు 5కి 4 ఇవ్వొచ్చు, వర్గీకరణకు 1.5 మించదు.

బొమ్మ నాణ్యత దగ్గర ఈ జానర్ ఎక్కువ నష్టపోతుంది. కథ సగం చీకట్లోనే నడుస్తుంది కదా. బ్లూరే డిస్క్‌లో వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల డేటా దాకా చోటుంటే, ఫుల్ హెచ్‌డీ స్ట్రీమింగ్ తరచూ 5 దగ్గరే తిరుగుతుంది. అందుకే నల్లటి గోడ మీద గళ్లు గళ్లుగా చారలు. బ్రైట్‌నెస్ పెంచితే ఆ గళ్లే ఇంకా బయటపడతాయి. గదిలో లైటు తగ్గించి, టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే సెట్టింగ్) ఆపి, పిక్చర్ మోడ్‌ని ‘సినిమా’కి మార్చండి. గుసగుసలు వినపడక, తుపాకీ మోతకు ఇల్లు అదిరితే సౌండ్‌లో నైట్ మోడ్ పెట్టుకోవచ్చు.

సబ్‌టైటిల్స్ రెండు రకాలుంటే ‘సీసీ’ (క్లోజ్డ్ క్యాప్షన్స్) అని లేనిది ఎంచుకోండి. వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసే సీసీలో మాట్లాడేవారి పేరు కూడా వేస్తారు. వాళ్లకది అవసరమే. కానీ ఫోన్‌లో బెదిరించే గొంతు ఎవరిదో దర్శకుడు గంటసేపు దాస్తే, ఆ పేరు కొన్నిసార్లు మొదటి కాల్‌లోనే తెర మీద కనిపించేస్తుంది.