డేటింగ్ యాప్‌కి డబ్బు కట్టడం ఒక నిమిషం పని, మానుకోవడం సంగతి ఇదీ

హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకున్నప్పటి నుంచి రెండేళ్లకు పైగా డేటింగ్ యాప్‌లకు డబ్బు కడుతూ వచ్చాను. ఒకదానికి ప్లే స్టోర్ ద్వారా, ఫోన్ మార్చాక ఇంకోదానికి ఐఫోన్ మీద, మూడోదానికి వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో కార్డుతో. ఎవరు పరిచయమయ్యారు, ఎవరు రెండో మెసేజ్‌కే మాయమయ్యారు అన్నది వేరే కథ. ఏ యాప్‌లో ప్రొఫైళ్లు బాగుంటాయో చెప్పేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. కట్టడం ఆపేద్దాం అనుకున్నప్పుడు, కట్టింది వెనక్కి అడిగినప్పుడు ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని నేను అదే చెబుతాను.

డబ్బు దేనికి అంటారా? ఊరికే వాడితే రోజుకి ఇన్ని లైకులే అని హద్దు పెడతారు, మనల్ని ఇష్టపడ్డవాళ్ల ఫొటోలు మసకగా చూపిస్తారు. కడితే మసక పోతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండేవాళ్లకు దానివల్ల ఎంతో కొంత ఉపయోగం ఉంది. అదే ప్లాన్ పండక్కి ఖమ్మం వెళ్లి తెరిస్తే, నలుగురైదుగురి తర్వాత చుట్టుపక్కల ఇంకెవరూ లేరని తేల్చేస్తుంది. ధర కూడా అందరికీ ఒకటి కాదు. నాకు చూపించిన రేటు ఒకటి, అదే రోజు నా రూమ్మేట్‌కి చూపించింది ఇంకొకటి. వారం ప్లాన్ చూడ్డానికి చిన్న మొత్తమే, నెలకి లెక్కేస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఆరు నెలల ప్లాన్ నెలకి చవక పడుతుంది గానీ మొత్తం ఒకేసారి లాగేస్తారు. ఏది తీసుకున్నా గడువు తీరగానే దానంతటదే రెన్యూ అవుతుంది.

రద్దు వేరు, రీఫండ్ వేరు. రద్దు చేస్తే ముందుముందు కట్ అయ్యేది ఆగుతుంది, అంతే. ఇప్పటికే కట్ అయినదానికి విడిగా అడగాలి. యాప్‌ని ఫోన్‌లోంచి తీసేస్తే ఈ రెండూ జరగవు. ప్రొఫైల్‌ని పూర్తిగా డిలీట్ చేసినా, ప్లే స్టోర్‌లోనో యాపిల్‌లోనో కొన్న సబ్‌స్క్రిప్షన్ తన మానాన తాను నడుస్తూనే ఉంటుంది.

మా పిన్ని కొడుకు విజయవాడలో చదువుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ యాప్ ఎప్పుడో తీసేశాను. రాత్రి మళ్లీ డబ్బులు కట్ అయ్యాయి. బ్యాంకుకి వెళ్లాలా?"

"సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశావా?"

"ప్రొఫైలే లేదు కదన్నా, ఇంకేం రద్దు చేస్తాం!"

ప్లే స్టోర్ తెరిచి, పైన మూల ఉన్న ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లమన్నాను. వెళ్లాడు. అక్కడ ఏమీ లేదన్నాడు. ఇక్కడే చాలామంది ఆగిపోయి, ఎవడో మోసం చేశాడని బ్యాంకు చుట్టూ తిరుగుతారు. వాడి ఫోన్‌లో రెండు జీమెయిల్‌లు ఉన్నాయి, ఒకటి కాలేజీది, ఒకటి ఇంటర్‌లో పెట్టుకున్నది. అదే ఫొటో నొక్కి పాత జీమెయిల్‌కి మారమంటే అప్పుడు కనిపించింది సబ్‌స్క్రిప్షన్, పక్కనే తర్వాత కట్ అయ్యే తేదీతో సహా. ముందు రద్దు చేయించాను. తర్వాత ఆ మెయిల్‌లోకి వచ్చిన రసీదు వెతికించాను. గూగుల్ రసీదులో ఆర్డర్ నంబర్ జీపీఏ అనే మూడక్షరాలతో మొదలవుతుంది, రీఫండ్ ఫారంలో ఆ ఆర్డర్‌నే ఎంచుకోవాలి. కారణం దగ్గర వాడు పెద్ద వ్యాసం రాయబోతే ఆపి, 'యాప్ వాడటం లేదు, రెన్యువల్ నాకు అక్కర్లేదు' అని రెండు ముక్కలు రాయించాను. మర్నాటికి మెయిల్ వచ్చింది, తర్వాత కొన్ని రోజులకు డబ్బు వాడి యూపీఐ ఖాతాలోకి తిరిగొచ్చింది.

వాడి డబ్బు తిరిగి రావడానికి కారణం రాత్రి కట్ అయితే పొద్దున్నే అడగడం. కొన్న 48 గంటల్లోపు అయితే గూగుల్‌నే నేరుగా రీఫండ్ అడగవచ్చు. అది దాటాక యాప్ తయారుచేసినవాళ్లని అడగమంటుంది. ఆ తర్వాత అంతా వాళ్ల షరతుల ప్రకారమే. డేటింగ్ యాప్‌ల షరతులు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి: మిగిలిన రోజులకు లెక్కగట్టి వెనక్కివ్వరు, వాడేసిన బూస్టులకు (ప్రొఫైల్‌ని కాసేపు ఎక్కువమందికి చూపించేవి), సూపర్ లైకులకు (మామూలు లైకు కంటే ప్రత్యేకంగా కనిపించేవి) పైసా రాదు, నిబంధనలు ఉల్లంఘించారని ఖాతా మూసేస్తే కట్టిందంతా హుళక్కే.

నా సంగతే చెబుతాను. ఆరు నెలల ప్లాన్ తీసుకున్నాను. సగం గడవకముందే ఒకమ్మాయితో పరిచయం కుదిరి, ఇద్దరం యాప్‌లు పక్కన పడేశాం. మిగిలిన నెలల డబ్బు అడిగి చూద్దామని యాప్‌వాళ్లకు రాశాను. 'మీ ఆనందంలో మేమూ పాలుపంచుకుంటున్నాం' అంటూ మొదలుపెట్టి, మూడో వాక్యంలో కుదరదన్నారు. నిజం చెప్పాలంటే అందులో తప్పుపట్టడానికేం లేదు. మెస్‌లో నెలకి కట్టి, మధ్యలో ఊరెళ్తే మిగతా భోజనాల డబ్బు ఇస్తారా? మనిషి దొరికితే చందా అక్కర్లేకుండా పోయే యాప్‌ని ఆరు నెలలకి ఒకేసారి ఎందుకు కొనాలన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయమే. నన్నడిగితే నెల ప్లాన్ దాటొద్దంటాను.

యాపిల్ దగ్గర పని ఇంకా నిక్కచ్చిగా ఉంది. సెట్టింగ్స్‌లో మన పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి, అక్కడే రద్దు. రెన్యువల్‌కి కనీసం 24 గంటల ముందు చేయాలి. రీఫండ్ కోసం 'రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్' అని యాపిల్‌ది ప్రత్యేకమైన పేజీ ఉంది. ఇస్తారో లేదో రెండు రోజుల్లో తేల్చేస్తారు. యాపిల్ ద్వారా కట్టినదానికి యాప్‌వాళ్లు డబ్బు వెనక్కివ్వలేరు, యాపిలే ఇవ్వాలి. అది తెలియక యాప్ కస్టమర్ కేర్‌కి మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టి విసిగిపోయిన స్నేహితులున్నారు నాకు.

అసలు చుక్కలు కనిపించింది మూడోచోట, సొంత వెబ్‌సైట్‌లో కట్టినప్పుడు. స్టోర్‌లో కంటే అక్కడ రేటు తక్కువ, అందుకే కట్టాను. రద్దుకి వెళ్తే బటన్ సెట్టింగ్స్‌లో లేదు. ఖాతా వివరాల్లోకి, అక్కడి నుంచి సహాయంలోకి, అక్కడి నుంచి ఒక వ్యాసంలోకి వెళ్తే దాని చివర చిన్న అక్షరాల్లో లింకు. నొక్కగానే ఒక ఫొటో, కింద 'మీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లని వదిలేసి వెళ్లిపోతారా?' అని ప్రశ్న. 'ఉండిపోతాను' అన్న బటన్ గులాబీ రంగులో మెరుస్తుంటుంది, 'వద్దు' అన్నది తెల్లటి పేజీ మీద బూడిదరంగులో కనీకనిపించకుండా. తర్వాత సగం ధర ఆఫర్. ఆ తర్వాత ఎందుకు వెళ్తున్నారో చెప్పమని ఫారం. అన్నీ దాటాక రద్దయిందని ఒక తెర వచ్చింది గానీ మెయిల్ రాలేదు. ఆ తెరను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. అనుమానం నిజమే అయింది. గడువు రోజున కార్డు మీద మళ్లీ డబ్బు కట్.

మెయిల్ పెడితే 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని యంత్రం రాసిన జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే అదే జవాబు, కింద సంతకంలో పేరు మాత్రం మారింది. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. నంబరు 1915, తెలుగులో మాట్లాడవచ్చు, వెబ్‌సైట్‌లోనూ పెట్టవచ్చు. స్క్రీన్‌షాట్, కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క పేజీ, వాళ్ల రెండు జవాబులు జతచేశాను. అది కోర్టు కాదు, మన ఫిర్యాదుని కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతుంది, అంతే. ఈ కంపెనీకి ఆ మాత్రం చాలింది. 'ప్రత్యేక సందర్భంగా పరిగణించి' అంటూ మొత్తం డబ్బు వెనక్కి వేశారు. రద్దు చేసిన తర్వాత కోసుకున్న డబ్బు తిరిగివ్వడం ప్రత్యేక సందర్భం ఎలా అయిందో వాళ్లకే తెలియాలి.

ఆ గులాబీ బటన్ల తంతుకి మన దేశంలో నిబంధనలున్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే వాడేవాళ్లని తికమకపెట్టే డిజైన్ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాల మాయలున్నాయి. రద్దుని అసాధ్యంగానో, చాంతాడంత ప్రక్రియగానో చేయడం, ఆ ఆప్షన్ దాచేయడం 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' కిందికొస్తాయి. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా, బాధపడేలా చేసే మాటలు ఇంకో రకం. ఫిర్యాదు రాసేటప్పుడు 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అన్న పేరు ప్రస్తావించాను. అమెరికాలోనూ ఇదే గొడవ. టిండర్, హింజ్ యాప్‌ల యజమాని మ్యాచ్ గ్రూప్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో కేసు వేసింది, రద్దుని కష్టతరం చేశారన్నది అందులో ఒక ఆరోపణ. 2025లో కోటీ 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

బ్యాంకు వైపు నుంచి కూడా ఒక కళ్లెం ఉంది. ఈ-మ్యాండేట్ అంటే గడువు రాగానే డబ్బు తీసుకోమని మనం ముందే ఇచ్చే అనుమతి. దాని మీద ఆర్‌బీఐ పెట్టిన నియమాల ప్రకారం, ఇలా దానంతటదే కట్ అయ్యే మొత్తానికి కనీసం 24 గంటల ముందు ఎస్సెమ్మెస్సో మెయిలో రావాలి. 15,000 రూపాయల లోపు అయితే ఓటీపీ అడగరు, అందుకే డేటింగ్ యాప్ రెన్యువల్ చప్పుడు చేయకుండా జరిగిపోతుంది. ఆ ముందస్తు మెసేజ్‌ని ప్రకటన అనుకుని తుడిచేయకండి. నా స్నేహితుడొకడి ఖాతాకి వాళ్ల నాన్నగారి నంబర్ ఉంది. మెసేజ్ ఆయనకి వెళ్లింది. "ఏంట్రా ఇది, నెలనెలా ఎవరికి కడుతున్నావు?" అన్న ప్రశ్నతో వాడి సబ్‌స్క్రిప్షన్ అదే రోజు రద్దయింది.

యూపీఐతో కట్టి ఉంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటివాటిలో ప్రొఫైల్ కింద ఆటోపే అని ఉంటుంది, అక్కడ మ్యాండేట్ తీసేయవచ్చు. కానీ అదొక్కటే చేసి ఊరుకోవద్దు. సబ్‌స్క్రిప్షన్ బతికే ఉంటుంది కాబట్టి ప్లే స్టోర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ఖాతాలో బ్యాకప్‌గా వేరే కార్డు ఉంటే దాన్నుంచి తీసుకునే అవకాశమూ ఉంది. ముందు స్టోర్‌లో రద్దు, తర్వాత ఆటోపే.

నేనిప్పుడు సబ్‌స్క్రిప్షన్ తీసుకున్న రోజే రద్దు చేస్తాను. స్టోర్‌లో ఇలా చేసినా కట్టిన గడువు చివరిదాకా అన్నీ పనిచేస్తాయి, రెన్యువల్ ఒక్కటే ఆగుతుంది. ఉచిత ట్రయల్ అయితే మాత్రం షరతు చూసుకోవాలి, కొన్నిచోట్ల రద్దు చేసిన క్షణమే అదీ ఆగిపోతుంది.

ఇంకో విషయం. కరెంటు బిల్లు ఎక్కువొస్తే వీధిలో అందరికీ చెప్పి మరీ పోట్లాడే మనం, డేటింగ్ యాప్ డబ్బు లాగేస్తే నోరు మెదపం. ఇంట్లో తెలుస్తుందనో, ఆఫీసులో నవ్వుతారనో. మా అమ్మ నా కోసం కట్టిన మాట్రిమోనీ వాళ్లయితే వద్దన్నా ఫోన్ చేసి మాట్లాడతారు, ఈ యాప్‌ల కస్టమర్ కేర్‌కి ఫోన్ నంబరే ఉండదు. ఆ ఖాళీలోకి దొంగలు దూరారు. 'ఫలానా యాప్ రీఫండ్ నంబర్' అని వెతికితే దొరికే మొబైల్ నంబర్లలో చాలావరకు వాళ్లవే. స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టుకోమంటారు, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్.

అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లు ఈ 48 గంటల లెక్కతోనే సరిపెట్టుకోనక్కర్లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో చేరినవాళ్లు మూడు పనిదినాల్లో రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివ్వాలి. ఆ రాష్ట్రాల పేర్లు యాప్ షరతుల్లో ఒక పేరాలో వరుసగా ఉంటాయి. యూరోపియన్ యూనియన్‌లో, బ్రిటన్‌లో 14 రోజుల గడువుంది, అప్పటిదాకా వాడుకున్న మేరకు కంపెనీ కోసుకోవచ్చు. బే ఏరియాలో ఉన్న మా మేనమామ కూతురు రెండో రోజునే తేదీ, ఆర్డర్ నంబరు వేసి రాసింది. ఆమెకి మాత్రం ఎవరూ 'చింతిస్తున్నాం' అని రాయలేదు, నేరుగా డబ్బు వేశారు.