ముట్టుకోకుండా వేడి చెప్పే పరికరం: పాలగిన్నె నుంచి ప్లగ్గు దాకా

పాలు తోడుపెట్టేటప్పుడు వేడి సరిపోయిందో లేదో మా ఇంట్లో చిటికెనవేలితోనే చూసేవారు. వేలు ముంచి పది లెక్కపెట్టేంత సేపు ఓర్చుకోగలిగితే తోడు వేయవచ్చునని మా అమ్మ చెప్పేది. ఆమె అంచనా ఎన్నడూ తప్పగా నేను చూడలేదు. నాకు మాత్రం ధనుర్మాసపు చలిలో గోరువెచ్చటి పాలు కూడా వేడిగా తోచేవి, రోహిణి కార్తెలో వేడి పాలు కూడా మామూలుగానే అనిపించేవి. అందువల్ల చలికాలంలో పెరుగు తోడుకోక నీళ్ళనీళ్ళగా మిగిలేది, ఎండాకాలంలో పొద్దెక్కేసరికి పులిసిపోయేది. ఈ ఇబ్బంది తీరుతుందని కిందటేడాదికి ముందటి ఏడాది డిసెంబరు మొదట్లో జేబులో పట్టే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలకు కొన్నాను. పద్నాలుగు నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నాను కాబట్టి, అది ఎక్కడ నమ్మదగినదో, ఎక్కడ కాదో కొంత వివరంగా రాయగలనని అనుకుంటున్నాను.

పరికరం నా చూపుడువేలు కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఒక మీట, ఒక చిన్న తెర, ముందు భాగంలో బఠాణీగింజంత కన్ను, లోపల రెండు బొత్తాం బ్యాటరీలు, అంతే. సున్నాకు దిగువన 33 డిగ్రీల నుంచి పైన 220 డిగ్రీల సెల్సియస్ వరకు చూపిస్తుందని, తేడా రెండు డిగ్రీలు లేదా రెండు శాతం వరకు ఉండవచ్చునని పెట్టె మీద రాసి ఉంది. మీట నొక్కిన సెకనులోనే అంకె కనిపిస్తుంది.

పని చేసే తీరు తెలిస్తే దీని మంచిచెడ్డలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలను వెలువరిస్తూ ఉంటుంది. సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఎరుపు రంగుకు అవతల, ఏ వెలుగూ లేని చోట ఉంచిన థర్మామీటరులో పాదరసం పైకి ఎక్కడాన్ని గమనించి ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ 1800లో ఈ కిరణాల ఉనికిని కనుగొన్నాడు. ఈ తరహా పరికరాలు సాధారణంగా 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను పట్టుకుని, వాటి వల్ల లోపలి సెన్సరుకు తగిలే వేడిని తమ సొంత వేడితో పోల్చి ఎదుటి వస్తువు ఉష్ణోగ్రతను లెక్కకడతాయి. సొంత వేడితో పోల్చుకుంటుంది కనుకనే, ఏసీ గదిలో నుంచి తెచ్చి వెంటనే పొయ్యి దగ్గర వాడితే అంకె తప్పుతుంది. పావుగంట సేపు వంటింట్లోనే ఉంచి వాడాలని నేను తెలుసుకోవడానికి రెండు మూడు రోజులు పట్టింది.

మొదటి రోజు నేను చేసిన తప్పు చాలామంది చేసేదే. కాచిన పాలు స్టీలు గిన్నెలో ఉన్నాయి, పైకి ఆవిరి వస్తోంది. గిన్నె పక్కభాగం మీదికి పరికరాన్ని చూపిస్తే 37 డిగ్రీలని వచ్చింది. వేలు తాకిస్తే చురుక్కుమంది. పరికరం పాడైనదే వచ్చిందని తిరిగి పంపడానికి కూడా సిద్ధమయ్యాను. గరిటెతో పాలు కలిపి, పైనుంచి పాల మీదికే చూపించినప్పుడు 71 చూపించింది. తేడా పరికరంలో లేదు, గిన్నెలో ఉంది. తళతళలాడే లోహం తన వేడిని కిరణాలుగా చాలా కొద్దిగా మాత్రమే విడుస్తుంది, చుట్టూ ఉన్నవాటి కిరణాలను అద్దంలాగా తిప్పికొడుతుంది. అంటే నేను చూసిన 37లో గిన్నె వేడి తక్కువ, వంటింటి గోడల వేడి, నా ఒంటి వేడి ఎక్కువ. పాలు, నీళ్ళు, నూనె, మట్టి, కర్ర, రంగు వేసిన గోడ, మన చర్మం వంటివి ఆ వేడి దగ్గర వెలువడగలిగిన కిరణాలలో తొంభై శాతానికి పైగా వెలువరిస్తాయి. ఈ చిన్న పరికరాలు అన్ని వస్తువులనూ 95 శాతం లెక్కలోనే చూస్తాయి, దాన్ని మార్చుకునే వీలు నా దానిలో లేదు. మసిపట్టిన గిన్నె అడుగు, వాడి వాడి నల్లబడిన ఇనుప పెనం సరైన అంకెనే చూపిస్తాయి. మెరిసే గిన్నె వేడే తెలుసుకోవాలంటే దాని మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఆ ముక్క మీద చూడాలి. అయితే టేపు కంటే పెద్ద మేర చూస్తే మళ్ళీ పొరపాటే.

ఆ మేర గురించి పెట్టె మీద సన్న అక్షరాలలో ఉన్న 1:1 అనే గుర్తుకు నేను మొదట విలువ ఇవ్వలేదు. పరికరం ఎంత దూరంలో ఉంటే అంత వెడల్పు గల వృత్తంలోని వేడి సగటును చూపిస్తుందని దాని అర్థం. జానెడు వెడల్పున్న గిన్నెను మూరెడు దూరం నుంచి చూస్తే పాలతో పాటు పొయ్యి, గట్టు, గోడ అన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. నేను ఇప్పుడు పాలకు నాలుగైదు అంగుళాల ఎత్తులోనే ఉంచుతున్నాను. మరీ దగ్గరికి తీసుకెళ్తే ఆవిరి పరికరం కంటి మీద పేరుకుని అంకె తప్పుతుంది. అప్పుడు మెత్తని పొడిబట్టతో తుడిచి, తడి ఆరాక మళ్ళీ చూడాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. పరికరం పైపొరను మాత్రమే చూస్తుంది. మీగడ కట్టిన పాల మీద 44 అని చూపించినప్పుడు, గరిటెతో అడుగు నుంచి కలిపి మళ్ళీ చూస్తే 49 వచ్చింది. తోడులోని బాక్టీరియాకు 40 నుంచి 45 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది, 50 దాటితే అది దెబ్బతింటుంది. ఆ మీగడ అంకెను నమ్మి తోడు వేసి ఉంటే ఆ రోజు పెరుగు సరిగా వచ్చేది కాదు. ఇప్పుడు బాగా కలిపి, చలికాలంలో 43 దగ్గర, ఎండాకాలంలో 39 దగ్గర తోడు వేస్తున్నాను. పద్నాలుగు నెలల్లో పెరుగు చెడిన రోజులు మూడో నాలుగో ఉంటాయి, అవి కూడా తోడు పాతబడినప్పుడే. పెరుగు గడ్డకట్టి, గరిటె పెట్టిన చోట అంచు నిలిచి కనిపించినప్పుడు నాకు కలిగే తృప్తికి ఈ ఒక్క పనే చాలు.

పెనం విషయంలో మాత్రం దీని మీద అంతగా ఆధారపడను. దోసె వేయడానికి మా ఇనుప పెనం 185 నుంచి 195 మధ్య ఉంటే బాగుంటుందని తేలింది. కాని నీళ్ళు చిలకరించి అవి చుయ్యిమనే తీరు చూసేవారికి ఈ అంకె కొత్తగా చెప్పేదేమీ లేదు. పైగా పెనం కాస్త ఎక్కువ కాలితే 220 దాటిపోయి తెర మీద అంకె బదులు హెచ్చరిక గుర్తు వస్తుంది. పూరీల నూనెకు ఈ హద్దు సరిపోతుంది.

ఈ పరికరం మా ఇంటికి చేసిన అసలైన మేలు వంటింట్లో జరగలేదు. జనవరిలో ఒక ఉదయం గీజరు ఆపి వస్తూ, పరికరం చేతిలోనే ఉందని గీజరు ప్లగ్గు ఉన్న పలక మీద అంగుళం దూరం నుంచి చూశాను. 58 డిగ్రీలు చూపించింది. పక్కనే ఉన్న లైటు స్విచ్చు పలక మీద 29 ఉంది. ప్లగ్గు ఊడదీసి దాని ఇత్తడి కాళ్ళ మీద చూస్తే 33 అనే వచ్చింది గాని, వేలు పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. మెరిసే లోహం సంగతి అప్పటికే తెలుసు కాబట్టి ఆ అంకెను లెక్కచేయక, మెయిన్ స్విచ్చు ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను పలక విప్పితే లోపల ఒక తీగ బిగించిన మరచుట్టు వదులై, తీగ మీది ప్లాస్టిక్కు గోధుమరంగులోకి మాడి, అంచు పెళుసుబారి ఉంది. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వదులైన చోట నిరోధం పెరిగి, అంత కరెంటు దాని గుండా పోయేటప్పుడు అక్కడ వేడి పుడుతుంది. కొత్త సాకెట్టు బిగించాక అదే గీజరు అరగంట నడిచినా పలక 34 దాటలేదు. అప్పటి నుంచి ప్రతి నెలా గీజరు, ఏసీ, ఇస్త్రీపెట్టె, ఇన్వర్టరు ప్లగ్గులను నడుస్తుండగానే ఒకసారి చూస్తున్నాను. పక్క పలకతో పోల్చి చూడడమే ఇక్కడ ముఖ్యం. సూటిగా అంకె ఎంతన్నది తర్వాతి మాట. ప్లాస్టిక్కు పలకను బయటి నుంచి చూడడం వరకే మన పని, విప్పడం ఎలక్ట్రీషియన్ పని.

బెజవాడలో పై అంతస్తులో ఉండేవారికి ఇంకొక ఉపయోగం ఉంది. మే నెలలో మధ్యాహ్నం రెండున్నరకు మేడ మీద తెల్లరంగు పూత వేసిన భాగం 46 డిగ్రీలు, పూత వేయని మామూలు సిమెంటు భాగం 61 డిగ్రీలు చూపించాయి. రంగులో తేడా ఉన్నప్పుడు ఈ పోలిక చెల్లుతుందా అని నాకూ అనుమానం వచ్చింది. కంటికి తెల్లగా కనిపించే పూత కూడా ఈ పరారుణ కిరణాలను నల్ల పూతలాగానే ధారాళంగా వెలువరిస్తుంది కనుక పోలిక చెల్లుతుంది. ఇంటి లోపల చూస్తే మరింత ఆశ్చర్యం కలిగింది. పూత లేని భాగం కింద ఉన్న మా పడకగది పైకప్పు మధ్యాహ్నం మూడింటికి 37 ఉంటే, రాత్రి ఎనిమిదింటికి 40 దాటింది. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి మన నెత్తిన దించుతుందని మనం అనుకునే మాట అక్షరాలా నిజమని అప్పుడు చూశాను. ఈ సంవత్సరం మార్చిలోపే మిగిలిన మేడకూ పూత వేయిద్దామని అపార్టుమెంటు సమావేశంలో ఈ నాలుగు అంకెలే చదివి వినిపించాను, అందరూ ఒప్పుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. మన వైపు కూడా దీని గురించి ఇంకా గట్టిగా మాట్లాడుకోవాలని నా కోరిక.

పురిటికి వచ్చిన మా అక్క కూతురు పాపాయి స్నానపు నీళ్ళకు కూడా ఇది పనికివచ్చింది. బకెట్టులో వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపి, చేత్తో బాగా తిప్పి, 37, 38 డిగ్రీల మధ్య ఉంటేనే నీళ్ళు పోసేవాళ్ళం. అయినా మా పెద్దమ్మ మోచేయి ముంచి చూడనిదే ఒప్పుకునేది కాదు, అది మంచి పద్ధతే. పరికరం తప్పినా మోచేయి పట్టుకుంటుంది.

జ్వరానికి మాత్రం దీన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను. 2020లో కరోనా కాలంలో ప్రతి గుమ్మం దగ్గరా నుదుటికి గురిపెట్టిన పరికరాలను చూసి, ఇదీ అదేనని చాలామంది అనుకుంటున్నారు. అవి వైద్యానికి చేసినవి. మనిషి ఒంటి వేడి ఉండే కొద్దిపాటి మేరలోనే కొలుస్తూ, నుదుటి చర్మపు వేడి నుంచి శరీరపు లోపలి వేడిని లెక్కకట్టి చూపిస్తాయి. నా దగ్గరున్నది చర్మపు పైవేడిని ఉన్నదున్నట్టు చెబుతుంది, అందులోనూ రెండు డిగ్రీల తేడాకు అవకాశం ఉంది. పక్కింటి బాబుకు ఒళ్ళు కాలుతోందని వాళ్ళమ్మ తీసుకువస్తే ఇది నుదుటి మీద 35.2 చూపించింది, చంకలో పెట్టే మామూలు డిజిటల్ థర్మామీటరు 101 ఫారన్‌హీట్, అంటే 38.3 సెల్సియస్ చూపించింది. ఈ పరికరాన్ని నమ్మి ఉంటే ఆ బిడ్డను ఆ సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేవారు కాదు.

కొన్నవారు మొదట చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. మంచు ముక్కలను చితక్కొట్టి గిన్నె నిండా వేసి, సందుల్లో నీళ్ళు పోసి, బాగా కలిపి, దగ్గరగా పెట్టి చూస్తే సున్నాకు అటూ ఇటూ రెండు డిగ్రీలలోపు రావాలి. నాది 0.8 చూపించింది. మరిగే నీళ్ళతో పరీక్షించవద్దు. పైకి లేచే ఆవిరి వల్ల వందకు తక్కువగా చూపించి అనవసరంగా అనుమానం పుట్టిస్తుంది.

లోపాలలో నాకు ఎక్కువ బాధ కలిగించింది బ్యాటరీలు. పద్నాలుగు నెలల్లో మూడుసార్లు మార్చాను. అవి పెట్టే మూత తీయడానికి నాణెం అంచు వాడవలసివస్తుంది, ఆ గాడి ఇప్పటికే అరిగిపోయింది. తెరకు వెనుక వెలుగు లేదు కాబట్టి కరెంటు పోయిన రాత్రి అంకె కనిపించదు. ఎక్కడ గురిపెట్టామో చూపించే ఎర్రచుక్క కూడా లేదు, కాని అంత దగ్గరగా వాడే పరికరానికి అది పెద్ద లోటు కాదు. పాలు, నీళ్ళు, ఇంటి ప్లగ్గులు చూసుకోవడానికైతే ఈ చిన్నది చాలు. ఎత్తున ఉన్న ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగే స్విచ్చు) పెట్టెనో, పైకప్పునో కింద నిలబడి చూడాలనుకునేవారు కొంత డబ్బు ఎక్కువైనా 12:1 అని రాసి ఉన్న తుపాకీ ఆకారపుదాన్ని కొనుక్కోవడం మంచిది. అది మూరెడు దూరం నుంచి కూడా అంగుళమున్నర మేరనే చూస్తుంది.