హన్మకొండలో న్యూరోఫీడ్‌బ్యాక్: ఇరవై సెషన్ల తరువాత

మా తొమ్మిదేళ్ల బాబుకు ఆటిజం ఉంది. ఎదుటివారి ముఖం చూసి కోపమో బాధో గ్రహించడం వాడికి కష్టం. 'బ్రెయిన్ ఇమేజింగ్' ద్వారా చేసే న్యూరోఫీడ్‌బ్యాక్‌తో, అంటే తన మెదడు పనితీరును తెరమీద చూస్తూ దాన్ని అదుపు చేసుకునే సాధనతో, ఈ నేర్పును పెంచుతామన్న ఒక కేంద్రం ప్రకటన చూసి, కాజీపేట నుంచి హన్మకొండకు వారానికి రెండుసార్లు చొప్పున 20 సెషన్లకు తీసుకువెళ్లాను.

అక్కడి థెరపిస్టు ఓర్పు గురించి ముందుగా చెప్పాలి. తలకు జెల్ తగిలితేనే మావాడు కేకలు పెట్టేవాడు. ఆమె తొందరపడకుండా ఆ చల్లటి జెల్‌ను మొదట తన ముంజేతికి, తరువాత వాడి బొటనవేలికి, ఆ తరువాతే వాడి తలకు రాసి ఎలక్ట్రోడ్లు అతికించారు. తెరమీద ఒక పడవ ఉంటుంది; మెదడు తరంగాలు కావలసిన తీరులో ఉన్నంతసేపు సాగుతుంది, లేకుంటే నిలిచిపోతుంది. "బాపూ, నేను ఊకె కూసుంటేనే పడవ పోతాంది" అని మూడో వారంలో వాడు చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అయితే అది మెదడును చిత్రాలుగా చూపే ఇమేజింగ్ కాదు, తలమీది ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు నుంచి తొలిసారి నమోదు చేసిన విద్యుత్ సంకేతాలే దీనికి ఆధారం. మనం చేయి కదిపినప్పుడే కాక, ఇతరులు కదపడం చూసినప్పుడు కూడా సెకనుకు 8 నుంచి 13 సార్లు కొట్టుకునే మ్యూ తరంగాలు తగ్గుతాయి కనుక, వాటిని అదుపు చేయడం నేర్పితే ఎదుటివారిని అర్థం చేసుకునే శక్తి పెరగవచ్చన్నది ఊహ మాత్రమే, ఇంకా రుజువు కాలేదు. అసలైన ఇమేజింగ్ పద్ధతిలో ఎంఆర్ఐ సొరంగంలో కదలకుండా పడుకోవాలి. రక్తంలోని ఆక్సిజన్ మార్పును కొలుస్తారు కాబట్టి ఫలితం అయిదారు సెకన్లు ఆలస్యంగా తెలుస్తుంది, కానీ భావోద్వేగాలతో సంబంధమున్న ఇన్సులా, అమిగ్డలా వంటి లోతైన భాగాల పనితీరును కూడా చూడవచ్చు.

మొన్న వాడు మా అమ్మ ముఖంలోకి చూసి "నానమ్మా, కాళ్లు నొస్తున్నయా?" అని అడిగాడు. అది పడవ ఫలితమని నేను చెప్పలేను, ఎందుకంటే ఆ నెలల్లోనే స్పీచ్ థెరపీ కూడా సాగింది, నా భార్య రోజూ రాత్రి ముఖాల బొమ్మల కార్డులతో సాధన చేయించింది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, అతిగా కదిలే సమస్య) ఉన్న పిల్లలపై న్యూరోఫీడ్‌బ్యాక్ గురించి జరిగిన ఒక డబుల్ బ్లైండ్ పరిశోధనలో, అంటే ఎవరికి ఏది ఇస్తున్నారో పిల్లలకూ పరిశోధకులకూ తెలియని పరీక్షలో, అసలు ఫీడ్‌బ్యాక్ పొందినవారూ, ఉత్తుత్తి ఫీడ్‌బ్యాక్ పొందినవారూ దాదాపు సమానంగా మెరుగుపడ్డారు.

మొత్తం ఫీజు ముందే కట్టించుకోవడం, కొలతలు అడిగితే రంగుల మెదడు బొమ్మ ఒకటి చేతిలో పెట్టడం నాకు నచ్చలేదు. మరో 20 సెషన్లు తీసుకోమన్నారు, తీసుకోలేదు. ఆ డబ్బు స్పీచ్ థెరపీకి కడుతున్నాము. వెళ్లదలచినవారు పిల్లల ఇతర చికిత్సలు మాన్పించకుండా, ఏ సెషన్‌కు ఆ సెషన్ డబ్బు చెల్లించే ఏర్పాటు అడగండి.