పామ్ మ్యూట్ల మోతకి టీడీఆర్ నోవా: చాన్నాళ్లు వాడాక నా మాట

ఇంట్లో కూర్చుని మెటల్ రికార్డ్ చేసేవాళ్లందరికీ తెలిసిన తలనొప్పే ఇది. ఓపెన్ కార్డ్స్ బాగానే వినిపిస్తాయి, పామ్ మ్యూట్ (అరచేతి అంచు తీగల మీద ఆనించి కొట్టడం) మొదలవగానే ఖాళీ నీళ్ల డ్రమ్ము మీద గుద్దినట్టు గుమ్ముమంటుంది. కిక్ డ్రమ్ వినపడదు, బేస్ గిటార్ ఎటు పోయిందో తెలీదు. దీనికోసం నేను చాలాకాలంగా వాడుతున్నది టోక్యో డాన్ ల్యాబ్స్ వాళ్ల నోవా అనే డైనమిక్ ఈక్యూ ప్లగిన్, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకుని శబ్దంలో కింది, పై స్థాయిల పాళ్లు సర్దుకునే సాధనం. ఉచితం, విండోస్‌కీ మ్యాక్‌కీ ఉంది. నా రిథమ్ గిటార్ ట్రాకుల్లో అది లేని పాట వెతుక్కోవాలి.

నాలుగు బ్యాండ్లు, కింది శబ్దాలు కోసుకోడానికి హై పాస్, పైవి కోసుకోడానికి లో పాస్, మనకి పనికొచ్చే సరంజామా ఇదే. ఒక్కో బ్యాండూ మామూలు ఈక్యూలాగే ఉంటుంది, థ్రెషోల్డ్ (హద్దు) ఆన్ చేస్తే మాత్రం ఆ చోట శబ్దం ఆ హద్దు దాటినప్పుడే తగ్గిస్తుంది. మనకి కావాల్సింది సరిగ్గా అదే. అరచేతి అంచు ఆనించి కొట్టినప్పుడు తీగ పై హార్మోనిక్స్ అణిగిపోతాయి, బలమంతా కింద మిగులుతుంది, పైగా గిటార్ స్పీకర్ క్యాబినెట్‌కి (దాని ధ్వనిని ఫైల్‌గా పట్టిన ఐఆర్‌కి కూడా) శబ్దం ఉబ్బే సొంత గుబ్బ ఒకటి తరచూ 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది. రెండూ ఒకేచోట పడతాయి. మామూలు ఈక్యూతో అక్కడ 5 డీబీ కోసేస్తే మోత పోతుంది, నిజమే, దాంతోపాటు ఓపెన్ కార్డ్స్‌లో ఉన్న ఒళ్లు కూడా పోయి గిటార్ రేడియోలోంచి వస్తున్నట్టు సన్నబడుతుంది.

మామూలు E ట్యూనింగ్‌లో నేను పెట్టేది చెప్తాను. హై పాస్ 80 దగ్గర, ఎందుకంటే లావు తీగ మోగేదే 82 హెర్ట్జ్‌లో, అంతకంటే కింద గిటార్ చేసే పనేమీ లేదు, అది బేస్ గిటార్ ఇలాకా. తర్వాత 120 చుట్టూ ఒక వెడల్పాటి బెల్ (గంట ఆకారపు ఈక్యూ బ్యాండ్). పామ్ మ్యూట్లు మాత్రమే ఉన్న ముక్కని లూప్‌లో పెట్టి, మ్యూట్ పడ్డప్పుడల్లా 3, 4 డీబీ దిగేదాకా థ్రెషోల్డ్ తగ్గిస్తాను. ఆ తర్వాత ఓపెన్ కార్డ్స్ ఉన్న చోటు వింటాను, అక్కడ గ్రాఫ్‌లో గీత కదలకూడదు, కదిలితే థ్రెషోల్డ్ కాస్త పైకి. అటాక్ (తగ్గించడం మొదలవడానికి పట్టే సమయం) 15, 20 మిల్లీసెకన్లు, అప్పుడే ఛగ్, అంటే పామ్ మ్యూట్ మోత, తాలూకు మొదటి దెబ్బ బతుకుతుంది. మరీ తక్కువ పెడితే రిఫ్‌లో పళ్లు ఊడిపోతాయి. రిలీజ్ (తగ్గించింది మళ్లీ వదలడానికి పట్టే సమయం) విషయంలో తొందర వద్దు. 100 హెర్ట్జ్ అలకి ఒక చుట్టు తిరగడానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి రిలీజ్ దాని దగ్గరికి తెస్తే ప్లగిన్ అలల వెంటే పరిగెత్తి కొత్త గరగర పుట్టిస్తుంది. నాకు 80 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య కుదురుతోంది, 180 బీపీఎంలో (నిమిషానికి 180 బీట్లు) పదహారో వంతు నోటు ఒక్కోటీ 83 మిల్లీసెకన్లే అని గుర్తుపెట్టుకుంటే ఆ అంకె ఎక్కడిదో అర్థమవుతుంది.

ఎడమ ట్రాక్ మీద ఒకటి, కుడి మీద ఒకటి విడివిడిగా వేసుకోండి. రెండూ కలిసే బస్ ట్రాక్ మీద ఒక్కటే వేస్తే ఎడమవైపు మ్యూట్‌కి కుడివైపు కార్డ్ కూడా తలొంచే ప్రమాదం ఉంది.

అయితే ఈ ప్లగిన్‌ని జనం పొగిడేటప్పుడు ఒక సంగతి వదిలేస్తారు. ఇది 3, 4 డీబీల పనికి అద్భుతం. 8, 9 డీబీ కొడితే గానీ లొంగట్లేదంటే రోగం ఇక్కడ లేదు, ఆంప్‌కి ముందు ఉంది. డిస్టార్షన్‌లోకి బేస్ ఎక్కువ వెళ్తే అది నలిగి ముద్దవుతుంది, ఆ ముద్దని తర్వాత ఏ ఈక్యూ విడదీయలేదు. ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే డిస్టార్షన్ పెడల్‌ని మెటల్ వాళ్లు డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్ పెట్టి వాడేది అందుకే, దాని క్లిప్పింగ్ (శబ్దాన్ని నలిపే) భాగంలో సుమారు 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గిపోతూ వస్తుంది. దాదాపు ప్రతి ఆంప్ సిమ్ (ఆంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్)లోనూ ఆ ఆకుపచ్చ పెడల్ ఉంటుంది, న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ప్లగిన్ వాడేవాళ్లకైతే పెడల్‌తో కలిపి పట్టిన క్యాప్చర్లే (అసలు ఆంప్ ధ్వని నకళ్లు) దొరుకుతాయి. అది పెట్టి, ఆంప్ బేస్ నాబ్ 3కి దించి, అప్పుడు నోవా తెరవండి. పని సగం అయిపోయి ఉంటుంది.

మల్టీబ్యాండ్ కంప్రెసర్ (శబ్దాన్ని బ్యాండ్లుగా విడదీసి ఒక్కోదాన్నీ విడిగా అణిచేది) చాలదా అంటే చాలు. మెటల్ నిర్మాత ఆండీ స్నీప్ పేరు చెప్పి ఏళ్లుగా అందరూ చేసేది అదే, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి రియా ఎక్స్‌కాంప్ అనే మల్టీబ్యాండ్ కంప్రెసర్ దాంతోపాటే వస్తుంది. నాకు నోవా నచ్చడానికి కారణం, మల్టీబ్యాండ్ శబ్దాన్ని ముక్కలుగా చీల్చి మళ్లీ అతికిస్తుంది, ఇక్కడ ఆ గొడవ లేదు, పైగా ఎంత దిగుతోందో గ్రాఫ్ మీద కళ్లెదురుగా కనిపిస్తుంది.

ఇంకోటి, ఆ మోత మీ గదిది కాదని ముందు తేల్చుకోండి. పది అడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే 56 హెర్ట్జ్ దగ్గరా, దాని రెట్టింపు 112 దగ్గరా గది తనంతట తానే మోగుతుంది, సరిగ్గా పామ్ మ్యూట్లు ఉండే చోటు! స్పీకర్లలో విని కోస్తూ పోతే బయట కారులో గిటార్ ఎండిపోయి వినిపిస్తుంది. 112 హెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్లు, గోడకి అంటించిన అంగుళం ఫోమ్‌కి అది లొంగదు. హెడ్‌ఫోన్స్‌లో కూడా గుమ్ముమంటేనే ప్లగిన్ ముట్టుకోండి.

లోటు చెప్పాలంటే, కొత్తవాళ్లకి ఆ స్క్రీన్ చూస్తే కాస్త కంగారు, నాబ్‌లూ అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆరు బ్యాండ్ల జీఈ అనే పెయిడ్ వెర్షన్ ఉంది గానీ రిథమ్ గిటార్లకి నాలుగులో రెండు వాడితే ఎక్కువ, దానికోసం డబ్బులు పెట్టక్కర్లేదు. ఏడు తీగల గిటార్ వాళ్లు హై పాస్‌ని 60కి, బెల్‌ని 95, 100 దాకా కిందికి జరపాలి, బి తీగ 62 దగ్గర మోగుతుంది కాబట్టి. ప్రీసెట్‌గా దాచుకున్నా సరే, థ్రెషోల్డ్ మాత్రం పాట పాటకీ మళ్లీ పెట్టుకోవాల్సిందే, రికార్డింగ్ లెవెల్ కొంచెం మారితే పాత అంకె ఎందుకూ పనికిరాదు.