లైట్ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా: పేరులో ఉన్నంత లేతగా బీరు వస్తుందా?

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ముందుగా కొనేది 3.3 పౌన్ల, అంటే 1.5 కిలోల, లైట్ లిక్విడ్ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన చిక్కటి పాకం) డబ్బానే. 5 గ్యాలన్ల బ్లాండ్ ఏల్‌కి (లేత రంగు బీరు) రెండు డబ్బాలు పోస్తే మొదటి గ్రావిటీ, అంటే పులవకముందు నీళ్లతో పోల్చిన సాంద్రత, 1.047 దగ్గర నిలుస్తుంది. చక్కగా పులుస్తుంది, తూకం లెక్క తప్పదు. పేచీ అంతా రంగుతోనే. బ్లాండ్ ఏల్ ఎస్‌ఆర్‌ఎం (బీరు రంగు కొలత, అంకె పెరిగితే ముదురు) 3 నుంచి 6 మధ్య ఉండాలి. కిట్ కాగితంలో చెప్పినట్టే కాస్తే చాలాసార్లు రాగి రంగు తేలుతుంది.

సగం తప్పు డబ్బా వయసుది. ఈ పాకంలో అయిదో వంతు నీళ్లే. చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఆ తడిలో ఉన్నంతకాలం రంగు ముదిర్చే మెయిలార్డ్ చర్య పొయ్యి ఎక్కకుండానే మెల్లగా సాగుతుంది, షెల్ఫ్ వెచ్చగా ఉంటే ఇంకా జోరుగా. మూత తీసి చెంచాతో ఎత్తి చూడండి. తాజా సరుకు తేనెలా జారుతుంది, వెలుతురు అవతలికి కనిపిస్తుంది. పాతది నల్లబెల్లం పాకంలా ఉండి, ముక్కుకి కాస్త మాడు తగులుతుంది. దాన్ని ఎంత జాగ్రత్తగా కాచినా లేత రంగు తిరిగి రాదు, స్టౌట్ లాంటి నల్ల బీరుకి వాడేసుకోవడమే. తయారీ తేదీ లేని డబ్బా చవగ్గా వచ్చినా నేనైతే ముట్టుకోను. కొన్నాక ఫ్రిజ్‌లో పెట్టాలి.

మిగతా సగం గిన్నెది. చిన్న గిన్నెలో 2.5 గ్యాలన్ల నీళ్లకే (మిగతా నీళ్లు తర్వాత కలుపుతారు) రెండు డబ్బాలూ పోసి గంట మరిగిస్తే అక్కడి గ్రావిటీ 1.095. అంత చిక్కటి వర్ట్ (ఇంకా పులవని బీరు ద్రవం) రంగు త్వరగా ముదురుతుంది. దీనికి మందు తేలిక: మొదట ఒక్క డబ్బానే పోయండి. సగం నీళ్లకి సగం పాకం కాబట్టి గ్రావిటీ మళ్లీ 1.047 దగ్గరే ఉంటుంది. రెండోది చివరి 10 నిమిషాల్లో. పోసే ముందు పొయ్యి ఆపాల్సిందే. పాకం బరువుకి తిన్నగా అడుగుకి దిగి, మంట మీద ఉంటే అక్కడే మాడుతుంది. రంగుతో పాటు రుచీ చెడుతుంది. గరిటెతో అడుగు గీరుతూ పూర్తిగా కరిగాకే మళ్లీ వెలిగించండి. వర్ట్ పలచగా ఉంటే హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) చేదు కొంచెం ఎక్కువ దిగుతుంది, చేదు కోసం వేసే హాప్స్‌ని ఆ మేరకు తగ్గించుకోవాలి.

నిజంగా లేత బీరే కావాలంటే పొడి ఎక్స్‌ట్రాక్ట్ మేలు. తడి తక్కువ, నిలవలో రంగు దాదాపు మారదు. రెండు డబ్బాల పాకానికి బదులు 5.4 పౌన్ల పొడి సరిపోతుంది. దాంతో తలనొప్పి వేరే: ఆవిరి తగిలిందంటే సంచి మూతి దగ్గరే గడ్డకడుతుంది. ముందుగా చల్లటి నీళ్లలో కలిపి పోస్తే ఆ గొడవ ఉండదు.

కిట్‌లో క్రిస్టల్ 60 అనే ముదురు రంగు మాల్ట్ గింజలు పౌను ఉన్నాయేమో కూడా చూడండి. 5 గ్యాలన్లకి అదొక్కటే ఎస్‌ఆర్‌ఎం 8 దాకా లాగుతుంది, అప్పుడు ఎక్స్‌ట్రాక్ట్‌ని తిట్టి లాభం లేదు.

గాజు ఫెర్మెంటర్‌లో (పులియబెట్టే పాత్రలో) రంగు చూసి బెంగపడొద్దు. అంత మందాన ఏ బీరైనా ముదురుగానే కనిపిస్తుంది, ఈస్ట్ అడుక్కి దిగి తేటపడ్డాక ఇంకా ముదిరినట్టు అనిపిస్తుంది. గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ సన్న గొట్టంలో అదే బీరు ఉన్నదానికన్నా లేతగా కనిపిస్తుంది. తాగే గ్లాసులో పోశాకే తీర్పు. గ్లాసులో మొదట బాగుండి, సీసాల్లో వారాలు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరిగితే అది డబ్బా పని కాదు, నింపేటప్పుడు గాలి కలిసింది. సైఫన్ గొట్టం చివర సీసా అడుగుకి ఆనించి, చప్పుడు లేకుండా నింపాలి.