రియాద్ విమానమా, లండన్ ట్యూబ్ రైలా?

మన దగ్గర కన్సల్టెన్సీ అంటే అమీర్‌పేటలో వీసా ఫైళ్లు చూసే ఆఫీసే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది అది కాదు, మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ సంగతి. ఏ బ్యాంకో, మంత్రిత్వశాఖో పిలిస్తే వెళ్లి, వాళ్ల పనిలో ఎక్కడ లోపముందో వెతికి చెప్పే ఉద్యోగం. గచ్చిబౌలిలో కూర్చుని కూడా చేయొచ్చు, నేను నాలుగేళ్లు చేశాను. కానీ రాత్రి పదకొండింటికి మనం పంపిన స్లైడును మర్నాడు లండన్‌లో ఇంకెవరో చూపిస్తారు. క్లయింటు మొహం ఎలా ఉంటుందో మనకు తెలీదు. అది చూడాలనే బయల్దేరాను. ముందు దుబాయ్‌లో మూడేళ్లు, ఇప్పుడు లండన్. ఈ ఉద్యోగం మీద బయటికి వెళ్లాలనుకునేవాళ్లకు ఈ రెండింట్లో ఏది మేలో నా అనుభవంతో చెబుతాను.

మరి అమెరికా? హెచ్-1బీ ఏటా 85,000 మందికే, అదీ లాటరీలో. దానికి తోడు దేశం బయట ఉన్నవాళ్ల కోసం కొత్తగా వేసే పిటిషన్లకు 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. చిలుకూరులో మొక్కుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు చాలు. కంపెనీ చేత ఆ లక్ష కట్టించడానికి నూటెనిమిది కూడా చాలవు. కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

డబ్బు లెక్కలో దుబాయ్‌దే పైచేయి. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. లండన్‌లో ఏడాదికి 80,000 పౌండ్లు వస్తే పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత కోసం జీతంలోంచి కోసేది) పోను చేతికి దాదాపు 57,000 మిగులుతుంది. లక్ష దాటితే ఇంకా ఘోరం. లక్షకూ 1,25,140కీ మధ్య పన్ను మినహాయింపును కొంచెం కొంచెంగా లాగేసుకుంటారు కాబట్టి అక్కడ సంపాదించే ప్రతి పౌండులో 60 పెన్నీలు పన్నుకే పోతాయి. చిన్నపిల్లలుంటే నర్సరీకి ప్రభుత్వమిచ్చే సాయంలో చాలా భాగం కూడా లక్ష దాటగానే ఆగిపోతుంది. జీతం పెంచుతామంటే వద్దనేవాళ్లను నేను మొదటిసారి చూసింది ఇక్కడే.

అలాగని దుబాయ్ జీతాన్ని ఉన్నపళంగా రూపాయల్లోకి మార్చి మురిసిపోవద్దు. ఇంటద్దె చాలాచోట్ల నెలనెలా ఉండదు, ఏడాది మొత్తానికి ఒకటో, రెండో, నాలుగో చెక్కులు ముందే రాసివ్వాలి. పిల్లల స్కూలు ఫీజు మనమే కట్టుకోవాలి. లండన్‌లో సర్కారు బడి ఉచితం, బాగుంటుంది కూడా. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కగడతారు. మొత్తం జీతం 25,000 దిర్హాంలున్నా అందులో బేసిక్ 12,000 అయితే, మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల చొప్పున వచ్చేది 8,400. ఆఫర్ లెటర్లో బేసిక్ ఎంతో చూడకుండా సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

అసలు కథ పని దగ్గర. దుబాయ్ కన్సల్టెంటు ఇల్లు దుబాయ్‌లో, క్లయింటు చాలాసార్లు రియాద్‌లో. చమురు మీద ఆధారపడటం తగ్గించుకోవాలని సౌదీ 2016లో విజన్ 2030 అనే ప్రణాళిక ప్రకటించినప్పటి నుంచి సౌదీ ప్రభుత్వ పనులే ఈ వ్యాపారానికి అన్నం పెడుతున్నాయి. ప్రాంతీయ ప్రధాన కార్యాలయం సౌదీలో లేని కంపెనీలకు ప్రభుత్వ కాంట్రాక్టులు కష్టమని 2024 నుంచి నిబంధన కూడా వచ్చింది కాబట్టి, ఏకంగా రియాద్‌లోనే పోస్టింగ్ ఇవ్వొచ్చు. అది ముందే అడగండి.

పోస్టింగ్ దుబాయ్‌లోనే అయితే వారం ఇలా గడుస్తుంది. రియాద్‌లో పనిదినాలు ఆదివారం నుంచి గురువారం దాకా. దుబాయ్‌లో 2022 నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం పూట. ఆదివారం తెల్లవారుజామున పెట్టె సర్దుకుని వెళ్లేటప్పటికి ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. గురువారం రాత్రి తిరిగొస్తాం. శుక్రవారం మనం ఖాళీ, పిల్లలకు బడి. అందరికీ కలిసొచ్చేది ఒక్క శనివారం. అందులోనూ పొద్దున పదకొండింటికి పార్టనర్ (సంస్థలో వాటా ఉన్న పెద్ద బాస్) ఫోన్.

నేర్చుకునే విషయంలో మాత్రం రియాద్‌ను తక్కువ చేయలేను. ఇరవై తొమ్మిదేళ్లకే పెద్ద అధికారుల ఎదురుగా కూర్చున్నాను. ఒకసారి స్లైడును అరబిక్‌లోకి మార్చి, బాణాలు తిప్పడం మర్చిపోయాను. కుడి నుంచి ఎడమకు చదివేవాళ్లకు మా ప్రాజెక్టు 2030లో మొదలై 2023లో ముగిసినట్టు కనిపించింది. ఎదుటాయన నవ్వి, "మంచిదే, ఇప్పటికే అయిపోయిందన్నమాట" అన్నాడు. లండన్‌లో ఆ వయసువాళ్లకు గదిలో చివరి కుర్చీ. కానీ ఇక్కడ రాసిన ప్రతి వాక్యానికీ "ఈ అంకె ఎక్కడిది?" అని అడుగుతారు. రియాద్‌లో నాకు వేగం వచ్చింది, పనితనం కుదిరింది మాత్రం లండన్‌లోనే.

నన్నడిగితే పిల్లలు లేనివాళ్లు, ముప్పై రెండు దాటనివాళ్లు దుబాయ్ వెళ్లి మూడేళ్లు చేసి, దాచుకుని బయటపడటం మేలు. బడికెళ్లే పిల్లలుంటే లండన్. ఎటు వెళ్లినా బయటి నుంచి దరఖాస్తులు పెట్టుకుంటూ కూర్చోకండి. పనిచేస్తున్న సంస్థలోనే ఒక పార్టనర్ దగ్గర మంచి పేరు తెచ్చుకుని ట్రాన్స్‌ఫర్ అడగండి, అదే దగ్గర దారి.

ఆ దారిలో ఒక గుంట ఉంది. లండన్‌కు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లేవాళ్లకు కంపెనీలు తరచూ సీనియర్ ఆర్ స్పెషలిస్ట్ వర్కర్ వీసా ఇస్తాయి. దాని మీద ఎన్నేళ్లున్నా అక్కడ స్థిరపడే హక్కుకు లెక్కలోకి రావు. లెక్కలోకి వచ్చేది స్కిల్డ్ వర్కర్ వీసా. దానికి మామూలుగా కనీస జీతం 2025 జూలై నుంచి 41,700 పౌండ్లు, లేదా ఆ వృత్తికి ప్రభుత్వం పెట్టిన రేటు, ఏది ఎక్కువైతే అది. కన్సల్టింగ్‌లో నాలుగైదేళ్లు చేసినవాళ్లకు అదేం పెద్ద గోడ కాదు. స్థిరపడటానికి ఇన్నాళ్లూ ఐదేళ్లు చాలేది, పదేళ్లు చేస్తామని ప్రభుత్వం 2025 మేలో ప్రతిపాదించింది. అలాంటప్పుడు ఒక్క ఏడాది కూడా వృథా చేసుకోకూడదు. నాకు ఈ తేడా తెలిసింది వచ్చిన పద్నాలుగో నెలలో, ఆఫీసు క్యాంటీన్‌లో, పక్క టీము వాళ్లు మాట్లాడుకుంటుంటే. హెచ్‌ఆర్‌ను బతిమాలి వీసా మార్పించుకునేసరికి ఇంకో ఐదు నెలలు పోయాయి.