బస ఎక్కడ, బండి ఏది: ఆన్‌లైన్ లోకాల్లో మా తిరుగుళ్లు

వేలమంది ఇంటర్నెట్‌లో ఒకే లోకంలో తలా ఒక పాత్రగా తిరిగే ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఏది కొత్తగా వచ్చినా, ప్రకటనలో ముందు చెప్పేది దాని విస్తీర్ణం గురించే. ఇన్ని ఖండాలు, ఇన్ని నగరాలు, అదిగో ఆ కనిపించే కొండ మీదికి నడిచి వెళ్లవచ్చు. వెళ్లవచ్చు సరే, వెళ్లాక అక్కడ ఏముంది? దారిలో ఎవరు కలుస్తారు? రాత్రికి ఎక్కడ ఆగాలి? తిరిగి రావడం ఎలా? ఏ ఊరికి బయలుదేరినా మనం అడిగే ప్రశ్నలే ఇవి. డాలస్‌లో ఉండే మా బావా, హైదరాబాదులో ఉండే నేనూ కొన్నేళ్లుగా ఈ లోకాల్లో కలిసి తిరుగుతున్నాం. అతనికి శనివారం రాత్రి, నాకు ఆదివారం ఉదయం. ఎక్కడ బాగుంది, ఎక్కడ కాళ్లు నొప్పులే మిగిలాయి అన్న లెక్క ఇది.

మొదటి మజిలీ అజెరాత్. 2004 నవంబరులో బ్లిజార్డ్ సంస్థ తెరిచిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లోకం. మేము వెళ్లింది 2019 ఆగస్టులో పాత రూపంలోనే మళ్లీ తెరిచిన క్లాసిక్‌కు. నేను నైట్ ఎల్ఫ్‌ని ఎంచుకున్నాను, బావ మనిషిని. ఇద్దరిదీ ఒకే పక్షం. కాని నేను పుట్టింది పశ్చిమాన సముద్రం మధ్య టెల్‌డ్రాసిల్ అనే మహావృక్షం మీద, అతను పుట్టింది తూర్పు ఖండంలో స్టార్మ్‌విండ్ నగరం పక్కన అడవిలో. కలిసి ఆడాలంటే ఎవరో ఒకరు సముద్రం దాటాలి.

"నువ్వే రా బావా, ఇక్కడ ఊరు పెద్దది" అన్నాడు.

చెట్టు కింద రేవులో ఓడ ఎక్కితే ఆబర్‌డైన్, అక్కడ ఇంకో ఓడ ఎక్కితే తూర్పు ఖండంలోని మెనెథిల్ రేవు. ఓడకు టికెట్ లేదు. కొన్ని నిమిషాలకొకటి వస్తుంది, పరుగెత్తుకొచ్చేవాడి కోసం ఆగదు. రేవులో నిలబడ్డ జనం మాత్రం ఊరికే ఉండరు. ఒకడు గాలం వేస్తుంటాడు, ఒకడు ఉన్నచోటే గెంతుతుంటాడు, ఇంకొకడు సంచిలోని తోళ్లు అమ్ముతానంటాడు. నేను ఆ లోకంలో మొదటిసారి ముక్కూమొహం తెలియనివారితో మాట్లాడింది అక్కడే. ఓడ వెంటనే వచ్చి ఉంటే ఆ మాటలు ఉండేవి కావు.

మెనెథిల్ దాటగానే వెట్‌లాండ్స్ బురద నేలలు. అక్కడి మొసళ్లు ఇరవయ్యో లెవెల్ పైబడినవి, నేను పదో లెవెల్ దాటీ దాటనివాణ్ణి. మన లెవెల్ ఎంత తక్కువైతే అవి అంత దూరం నుంచి పసిగడతాయి. చచ్చిపోతే ఆత్మరూపంలో శ్మశానం నుంచి శవం దాకా పరుగెత్తాలి. అంత ఓపిక లేకపోతే శ్మశానంలోని దేవత అక్కడికక్కడే బతికిస్తుంది గాని, ఒంటి మీది సామగ్రి మన్నిక నాలుగో వంతు పోతుంది, లెవెల్‌ను బట్టి పది నిమిషాల దాకా నీరసం కూడా. నేను శవం నుంచి శవానికి మజిలీలు చేసుకుంటూ డన్ ఆల్గాజ్ సొరంగాల దాకా వచ్చాను. అక్కడ ఓర్కుల కాపలా. వెనక నుంచి గొర్రె పొట్టేలు మీద వచ్చిన ఒక మరుగుజ్జు వీరుడు ఏమీ అడగకుండా వాళ్లను నరికేసి, ఒక నమస్కారం పెట్టి తన దారిన పోయాడు. ఆ సొరంగం అవతల బావ నిలబడి ఉన్నాడు.

అజెరాత్ సేవల గురించి ఫిర్యాదులు చాలా తక్కువ. ఐరన్‌ఫోర్జ్ నుంచి స్టార్మ్‌విండ్‌కు భూగర్భ ట్రామ్ ఉంది. పైసా ఖర్చు లేదు, మధ్యలో అద్దాల సొరంగంలోంచి నీటి అడుగు కనిపిస్తుంది. గ్రిఫన్ పక్షుల విమానసేవకు కొద్దిపాటి రుసుము ఉంది. అయితే ఏ ఊరికి ఎగరాలన్నా ముందు ఒకసారి ఆ ఊరికి నడిచి వెళ్లి, అక్కడి పక్షులవాడితో పరిచయం చేసుకోవాలి. ఎక్కాక పక్షి పల్లెవెలుగు బస్సులా దారిలోని ఊళ్లన్నీ చుట్టుకుంటూ పోతుంది, దూరపు ప్రయాణాలకు చాలాసేపు పడుతుంది. కాఫీ కలుపుకోవడానికి అంత మంచి సమయం మరొకటి లేదు.

బస విషయానికి వస్తే, సత్రాలు ప్రతి చెప్పుకోదగ్గ ఊళ్లో ఉన్నాయి. సత్రంవాడికి చెప్పుకుంటే మన హార్త్‌స్టోన్ అనే రాయి ఆ చోటుకు ముడిపడుతుంది. తరవాత ఎక్కడున్నా దాన్ని వాడి అక్కడికి తిరిగి రావచ్చు, గంటకొకసారి. సత్రంలోనే ఆట ముగించి వెళితే ఎనిమిది గంటలకు, ఒక లెవెల్ ఎక్కడానికి కావలసిన అనుభవ పాయింట్లలో 5 శాతం చొప్పున విశ్రాంతి జమవుతుంది, అది కరిగేదాకా వేటలో ఆ పాయింట్లు రెట్టింపు వస్తాయి. అడవిలో పడుకుంటే అదే జమ నాలుగింతలు నెమ్మది. అందుకే సాయంత్రమయ్యేసరికి అందరూ ఏదో ఒక ఊరు చేరాలని చూస్తారు, సత్రాల్లో సందడి ఉంటుంది. విశాలమైన లోకాన్ని కట్టడం వేరు, జనాన్ని ఒక చోటికి చేర్చడం వేరు. బ్లిజార్డ్‌వారు ఆ రెండో పని సత్రంతో చేశారు. దక్షిణాన బూటీ బే రేవులో ఉన్న సత్రం అన్నిటికన్నా నచ్చింది. రెండు పక్షాలవారూ ఒకే కప్పు కింద నిలబడతారు, కత్తి దూస్తే ఊరి కాపలావాళ్లు చితకబాదుతారు. ఊరి గేటు దాటి స్ట్రాంగిల్‌థార్న్ అడవిలోకి అడుగుపెట్టాక మాత్రం ఎవరి ప్రాణం వారిదే, ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోగల పీవీపీ సర్వర్లో అయితే మరీనూ.

గుర్రం నలభయ్యో లెవెల్‌లో వస్తుంది, అదీ ఊరికే కాదు, సుమారు 100 బంగారు నాణేలు కావాలి. అప్పటిదాకా నడకే. ఇది కొందరికి విసుగు. నాకు కాదు. నడిచినన్నాళ్లూ ప్రతి పొదా తెలిసింది.

ఈ లోకానికే తరవాత ఏం జరిగిందో చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 2007 జనవరిలో వచ్చిన బర్నింగ్ క్రూసేడ్‌తో కొత్త ఖండంలో ఎగిరే వాహనాలు వచ్చాయి. 2010 డిసెంబరులో కాటక్లిజమ్‌తో పాత ఖండాల ఆకాశమూ తెరుచుకుంది. ఈ మధ్యలో 2009 చివర వచ్చిన సదుపాయంతో, నగరంలో నిలబడి ఒక మీట నొక్కితే జట్టును కూర్చి నేరుగా గుహలో దింపడం మొదలైంది. నేల విస్తీర్ణం పెరిగిందే గాని తగ్గలేదు. కాని దారుల మీద జనం పల్చబడ్డారు. పైనుంచి ఎగిరేవాడికి మొసలీ లేదు, సొరంగమూ లేదు, నమస్కారం పెట్టే మరుగుజ్జూ లేడు. 2014లో కొత్త ఖండంలో ఎగరడాన్ని ఆపితే ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు, తరవాత కొన్ని పనులు పూర్తిచేస్తేనే రెక్కలు అన్న రాజీ వచ్చింది. రెండు వైపులా న్యాయముంది. ఒకసారి ఇచ్చిన సుఖాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరికి నచ్చుతుంది? 2022 చివర వచ్చిన డ్రాగన్‌ఫ్లైట్‌లో దీనికి చక్కని మార్గం దొరికింది. డ్రాగన్ మీద ఎగరాలంటే వాలు, వేగం చూసుకుంటూ నడపాలి, ఊరికే గాలిలో నిలబడదు. ఎగరడమే ఒక పని అయింది.

రెండో మజిలీ ఎయోర్జియా, అంటే ఫైనల్ ఫాంటసీ 14. దీని పూర్వకథ తెలియకుండా వెళ్లకూడదు. 2010లో మొదట తెరిచినప్పుడు మ్యాపులు చాలా పెద్దవి. కాని అదే రాయి, అదే మలుపు, అదే చెట్ల వరస మళ్లీ మళ్లీ అతికించి పరిచారన్న విమర్శ వచ్చింది. ఆటకు అనేక జబ్బులు ఉన్నాయి గాని, అందరి నోటా నానినవాటిలో ఇదీ ఒకటి. 2012 నవంబరులో ఆ లోకాన్ని మూసేశారు, అదీ కథలో భాగంగా ఆకాశం నుంచి ప్రళయం రప్పించి. నవోకి యోషిదా నాయకత్వంలో మళ్లీ కట్టి 2013 ఆగస్టులో తెరిచినప్పుడు ప్రాంతాలను చిన్నచిన్న ముక్కలుగా చేశారు. ముక్కకూ ముక్కకూ మధ్య లోడింగ్ తెర. చిన్నదైన లోకం నిలబడింది, పెరిగింది.

ఇక్కడి రవాణా ఈథరైట్ స్ఫటికాల మీద నడుస్తుంది. ఒకసారి తాకిన స్ఫటికానికి ఎక్కడి నుంచైనా క్షణంలో చేరవచ్చు, దూరాన్ని బట్టి రుసుము. శుభ్రంగా, వేగంగా ఉంటుంది, కాని ప్రయాణం అన్నది దాదాపు లేదు. బస మాత్రం నేను చూసినవాటిలో అగ్రస్థానం. మూడు తొలి నగరాల్లోనూ సత్రం గదులున్నాయి, అద్దె లేదు. గదిలో మంచం, దుస్తుల రూపు మార్చుకునే బీరువా, జరిగిన కథా ఘట్టాలను మళ్లీ చూపించే పుస్తకం. అక్కడ పడుకుని ఆట ముగిస్తే, మర్నాడు మన పాత్ర మంచం మీంచి లేస్తుంది. సొంత ఇల్లు కావాలంటే కష్టమే. స్థలాలు పరిమితం, 2022 నుంచి లాటరీ, 45 రోజులు గుమ్మం తొక్కకపోతే ఇల్లు కూల్చేస్తారు. అంతటి డిజిటల్ విశ్వంలోనూ ఇళ్ల స్థలాలకు కరవు రావడం నాకు తమాషాగా తోచింది. బావకు ఈ లోకమే ఎక్కువ ఇష్టం. "పిల్లలు పడుకున్నాక నాకు దొరికేది గంట. ఆ గంట ఓడ కోసం ఎదురుచూడమంటావా?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అదే మనిషి న్యూ ఈడెన్‌లో అడుగుపెట్టగానే మారిపోయాడు. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మేలో తెరిచిన ఈవ్ ఆన్‌లైన్ అది. ఏడు వేలకు పైగా నక్షత్ర మండలాలు. చైనా సర్వర్ తప్ప ప్రపంచమంతా ఒకే లోకంలో ఆడుతుంది. దృశ్యాల కోసం ఇక్కడికి రాకండి. ఒక మండలం నుంచి ఇంకో మండలానికి దూకించే గేటు, చీకటి, గేటు, మళ్లీ చీకటి. సత్రాలు లేవు, స్టేషన్లో అంతరిక్ష ఓడ నిలిపి వెళ్లడమే. అయినా దూరాన్ని అన్నిటికన్నా బాగా వాడుకున్న లోకం ఇదేనని నా లెక్క. కారణం, సరుకు దానంతట అది ఎక్కడికీ పోదు. జీటా అనే మండలంలోని పెద్ద సంతలో చవకగా ఉన్నది పొలిమేరల్లో ప్రియం. ఆ తేడా మీద వేలమంది బతుకుతున్నారు. సరుకు చేరవేసే ఒప్పందాలు ఉంటాయి, పోగొడితే చెల్లించేలా ముందే పూచీకత్తు కట్టాలి. సురక్షితమని చెప్పే మండలాల్లోనూ కాంకార్డ్ పోలీసులు దాడి జరిగాక శిక్షిస్తారే తప్ప జరగకుండా ఆపరు. యుఎడామా అనే మండలం దగ్గర కాపువేసే దోపిడీగాళ్లు తమ ఓడ పోతుందని తెలిసే కొడతారు, మన సరుకు విలువ అంతకన్నా ఎక్కువైతే చాలు.

బావ సరుకు ఓడ కొన్నాడు. నేను చిన్న ఓడలో అతనికన్నా ఒక గేటు ముందుగా పోయి దారి చూసి చెప్పేవాణ్ణి. "ఖాళీయేనా?" "ఆగు, ఇద్దరు ఉన్నారు." ఇలా గంటలు. బయటివారికి ఇది ఉద్యోగంలా కనిపిస్తుంది, నిజానికి గుండె దడ తగ్గదు.

అక్కడ దూరం విలువ ఎంతో 2020లో అందరికీ తెలిసింది. ట్రిగ్లావియన్లు అనే ఆటలోని శత్రుజాతి దండయాత్రలో నియార్జా అనే ఒక్క మండలం వారి చేతికి పోయింది. అటూ ఇటూ పోరాడింది ఆటగాళ్లే. జీటా నుంచి అమార్ సంతకు తొమ్మిది గంతుల్లో, అంటే తొమ్మిది గేట్లు దాటి, పోయే సురక్షిత మార్గం ఆ కూడలి గుండానే వెళ్లేది. అది తెగిపోయాక చుట్టుదారి నలభై గంతులు దాటింది. లేదంటే ప్రమాదకరమైన అడ్డదారి. మ్యాపు పెద్దది కావడం కాదు, మ్యాపులో ఒక చుక్క పోతే బజారు తలకిందులు కావడం, అదీ లోకమంటే.

తరవాతి మజిలీ 2012లో తెరిచిన గిల్డ్ వార్స్ 2. ఇక్కడ వేపాయింట్లు అనే గుర్తుల దగ్గరికి తక్కువ రుసుముతో క్షణంలో చేరవచ్చు. ఇక్కడ ఎదురుపడ్డవాడు పోటీ కాదు. అతను తవ్విన గని నాకూ ఉంటుంది, అతను చంపిన జంతువు ఫలితం నాకూ వస్తుంది. అందుకే కొత్తవాడు పరుగెత్తుకొస్తే సంతోషమే. 2017లో వచ్చిన వాహనాలు ఈ రంగంలో నేను చూసినవాటిలో ఉత్తమం. ఒకటి దూరం దూకుతుంది, ఒకటి ఎత్తు ఎగురుతుంది, ఒకటి నీటి మీద జారుతుంది, గ్రిఫన్ కొండ మీంచి కిందికి దుమికి వేగం తెచ్చుకుంటుంది. నేల తీరును బట్టి బండి మార్చాలి. ఇక ట్యాంగిల్డ్ డెప్త్స్ అనే ప్రాంతం వెడల్పులో పెద్దది కాదు గాని అంతస్తుల మీద అంతస్తులు. మ్యాపులో గమ్యం మన నెత్తినే ఉన్నట్టు కనిపిస్తుంది, చేరడానికి మాత్రం ఒక పూట.

బ్లాక్ డెజర్ట్ గురించి రెండు మాటలు చాలు. కొరియా ఆట, లోకం బ్రహ్మాండం, తలుపులు తెరుచుకున్నట్టు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి అతుకు లేకుండా పోవచ్చు. కాని గుర్రానికి గమ్యం చెబితే అదే పోతుంది. గుర్రం లెవెల్ పెరగడానికి దాన్ని రాత్రంతా గుండ్రంగా తిరగమని వదిలేసి ఆటగాళ్లు నిద్రపోతారు. గుర్రానికి యాత్ర బాగానే జరుగుతుంది.

వెళ్లాలనుకునేవారికి ఖర్చుల సంగతి. అజెరాత్‌కు నెలవారీ చందా కావాలి. ఎయోర్జియాలో డెబ్భయ్యో లెవెల్ దాకా కాలపరిమితి లేని ఉచిత ప్రవేశం ఉంది, ముందు అది వాడి చూడండి. గిల్డ్ వార్స్ 2 మూల ఆట ఉచితమే, ఈవ్‌లోనూ 2016 నుంచి ఉచితంగా తిరగవచ్చు, కొన్ని ఓడలు మాత్రం నడపనివ్వరు. మన దగ్గర నుంచి సర్వర్లు దూరం కాబట్టి పింగ్ బాధ, అంటే మనం నొక్కింది అక్కడికి చేరడంలో ఆలస్యం, ఉంటుంది. నిప్పులు కురిసే చోటు నుంచి తప్పుకున్నామనుకున్నాక కూడా ఎయోర్జియాలో దెబ్బ తగులుతుంది. ఈవ్‌లో ఆ బాధ తక్కువ, అక్కడి సర్వర్ కాలాన్ని సెకనుకొక అడుగు చొప్పునే లెక్కిస్తుంది. హైదరాబాదు కనెక్షన్‌తో డాలస్‌వాడికి సమానంగా నిలబడాలంటే సరుకు ఓడే నయం.